నేపథ్య ధ్వని (పని, ఏకాగ్రత)

నేపథ్య ధ్వని అనగా, ఒక వ్యక్తి పని చేస్తున్నప్పుడు గాని చదువుకుంటున్నప్పుడు గాని, అతని ధ్యాసకు కేంద్రం కాకుండా చుట్టూ వినిపిస్తూ ఉండే ధ్వని. ఫ్యాను హోరు, వాన చప్పుడు, దూరంగా మ్రోగే రేడియో, పక్కవారి మాటలు, తోటి పనివారి పాట మొదలైనవన్నీ ఈ కోవకు చెందుతాయి. కొందరు పని సాగడం కోసం ఇటువంటి ధ్వనిని కావాలని ఏర్పాటు చేసుకుంటారు. 21వ శతాబ్దంలో ఇందుకోసం ప్రత్యేకమైన ధ్వని ముద్రణలు, సెల్‌ఫోన్ అనువర్తనాలు వచ్చాయి. అయితే పనికి ధ్వనిని తోడు చేసుకోవడం కొత్త అలవాటు కాదు. తెలుగునాట దంపుళ్ళ పాటలు, కలుపు పాటలు, కపిల పాటలు ఇదే అవసరం నుండి పుట్టాయి. ఈ వ్యాసం నేపథ్య ధ్వని పనిచేసే తీరును, ఒంగోలు, గుంటూరు మైదాన ప్రాంతంలో దాని రూపాలను, దానిపై జరిగిన పరిశోధనలను, దాని వల్ల కలిగే మేలు కీడులను వివరిస్తుంది.

ధ్వని స్వభావం

ధ్వని తీవ్రతను డెసిబెళ్ళలో కొలుస్తారు. ఇది సంవర్గమాన కొలమానం. అంటే 10 డెసిబెళ్ళు పెరిగినప్పుడు ధ్వని తీవ్రత పది రెట్లవుతుంది, చెవికి మాత్రం సుమారు రెండు రెట్లుగా తోస్తుంది. గుసగుస సుమారు 30 డెసిబెళ్ళు, మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెళ్ళు, రద్దీగా ఉన్న రహదారి సుమారు 80 డెసిబెళ్ళు ఉంటాయి.

ఒకే తీరుగా సాగే రొదలను, అందులోని పౌనఃపున్యాల పంపకాన్ని బట్టి, రంగుల పేర్లతో పిలుస్తారు.

* తెల్లని రొద (వైట్ నాయిస్): వినిపించే పౌనఃపున్యాలన్నిటిలోను శక్తి సమానంగా ఉంటుంది. స్టేషను దొరకని రేడియోలో వినిపించే బుస దీనికి దగ్గరి ఉదాహరణ.
* గులాబి రొద (పింక్ నాయిస్): పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ శక్తి 3 డెసిబెళ్ళు తగ్గుతుంది. తెల్లని రొద కన్న మెత్తగా ఉంటుంది. ఎడతెగని వాన చప్పుడును దీనితో పోలుస్తారు.
* గోధుమ రొద (బ్రౌన్ నాయిస్): పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ శక్తి 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. దూరపు సముద్రపు హోరువలె గంభీరంగా వినిపిస్తుంది. ఈ పేరుకు గోధుమ రంగుతో సంబంధం లేదు. సూక్ష్మకణాల చలనాన్ని గమనించిన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ పేరు మీద ఇది ఏర్పడింది.

పనిచేసే తీరు

నేపథ్య ధ్వని పనికి తోడ్పడడానికి ముఖ్యంగా నాలుగు కారణాలు చెబుతారు.

మరుగుపరచడం: మనసును చెదరగొట్టేది చప్పుడు కన్న, చప్పుడులో వచ్చే మార్పు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో తలుపు కిర్రుమన్నా చూపు అటు పోతుంది. ఫ్యాను తిరుగుతున్న గదిలో అదే కిర్రు వినబడకపోవచ్చు. ఎడతెగని ఒక రొద చిన్న చప్పుళ్ళను తనలో కలుపుకుని మరుగుపరుస్తుంది.

చురుకుదనం: 1908లో యెర్కిస్, డాడ్సన్ అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగాల నుండి, చురుకుదనం మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా పని చెడుతుందనే సూత్రం స్థిరపడింది. విసుగు పుట్టించే పనిలో మనిషి మందగిస్తాడు. అప్పుడు కొద్దిపాటి ధ్వని అతన్ని మేల్కొలుపుతుంది. కష్టమైన పనిలో మనసు ముందే నిండి ఉంటుంది. అప్పుడు అదే ధ్వని బరువవుతుంది.

లయ: శరీరశ్రమలో ధ్వని చేతులకు, కాళ్ళకు కాలాన్ని కొలిచి ఇస్తుంది. జర్మన్ ఆర్థికవేత్త కార్ల్ బ్యూకర్ 1896లో ప్రచురించిన "పని, లయ" అనే అర్థం గల గ్రంథంలో, పనిలోని లయకు, పాటకు ఉన్న సంబంధాన్ని అనేక జాతుల పని పాటల ఆధారంగా చర్చించాడు.

అదుపు: ధ్వని తన చేతిలో ఉన్నదా, తనపై పడినదా అన్నది చాలా ముఖ్యం. 1972లో డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు తమ ప్రయోగాలను గ్రంథంగా ప్రకటించారు. రొదను ఆపగల మీట తమ దగ్గర ఉన్నదని తెలిసినవారు, ఆ మీటను నొక్కకపోయినా, ఆ తరువాతి పనులను ఇతరుల కన్న ఓర్పుగా, తక్కువ తప్పులతో చేశారు.

తెలుగునాట పని పాటలు

పనితో పాటు పాడే పాటలను జానపద వాఙ్మయంలో శ్రామిక గేయాలు అంటారు. పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు మొదలైన జనుల పాటలను పేర్కొన్నాడు. రోకటి పోటుకు తోడుగా "సువ్వి" అనే పల్లవి మాటతో సాగే పాటలను సువ్వి పాటలంటారు. తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503) ఈ బాణీని తన సంకీర్తనల్లో వాడుకున్నాడు. ఆధునిక కాలంలో నేదునూరి గంగాధరం వంటివారు ఈ పాటలను సేకరించారు. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన 1958లో "తెలుగు జానపదగేయసాహిత్యము" పేరుతో వెలువడింది.

పనిని బట్టి పాట నడక మారుతుంది. ఇద్దరు స్త్రీలు ఒకే రోట్లో వంతులవారీగా రోకళ్ళు వేస్తున్నప్పుడు తాళం తప్పితే రోకలికి రోకలి తగులుతుంది. కాబట్టి దంపుళ్ళ పాటలో ఊనిక ఖచ్చితంగా ఉంటుంది. తిరగలి పాట గుండ్రంగా, ఆగకుండా సాగుతుంది. కపిల తోలే రైతు పాటలో ఎద్దులు ముందుకు దిగేటప్పుడు ఒక దీర్ఘం, వెనుకకు వచ్చేటప్పుడు ఒక విరామం ఉంటాయి. పడవ లాగేవారి పాటలో ఒకరు చరణం అందుకుంటే మిగిలినవారు ఊతపదంతో ఒక్కసారిగా బలం వేస్తారు.

కలుపు తీయడం, పత్తి తీయడం, మిరపకాయలు కోయడం వంటి పనుల్లో ఇంత కట్టుదిట్టమైన తాళం అవసరం లేదు. ఒక్కొక్కరు తమ సాలులో తమ వేగంతో సాగుతారు. ఇక్కడ పాట పనికి తాళం వేయదు. పొద్దును తేలిక చేస్తుంది, వెనుకబడినవారిని వరుసలో కలుపుతుంది. ఒక గొంతు ఎత్తుకుంటే మిగిలినవారు అందుకునే ఈ పాటల్లో కథలు, పరిహాసాలు, అత్తాకోడళ్ళ సంవాదాలు ఎక్కువ. శ్రామిక గేయాలన్నిటినీ ఒకే గాటన కట్టకుండా ఈ భేదాన్ని గమనించాలి. మొదటి రకం శరీరానికి లయ, రెండవ రకం మనసుకు తోడు. నేటి నేపథ్య ధ్వనికి దగ్గరగా ఉండేది ఈ రెండవ రకమే.

ఒంగోలు, గుంటూరు మైదానంలో

ఒంగోలు ప్రకాశం జిల్లా ముఖ్యపట్టణం. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లాగా పేరు మారింది. పత్తి, మిరప, పొగాకు, కంది ఈ మైదానపు ముఖ్యమైన పైర్లలో కొన్ని. వీటిలో చాలా భాగం నేటికీ మనుషుల చేతులతోనే జరిగే, ఒకే కదలిక వేలసార్లు మళ్ళీ మళ్ళీ చేయవలసిన పనులు. మిరపకాయలు కోయడం, ఎండిన కాయల తొడిమలు తీయడం, తాలుకాయలు ఏరడం, పొగాకు ఆకును రంగు, నాణ్యత చూసి వేరు చేయడం ఇందుకు ఉదాహరణలు. ఈ పనుల్లో అధికభాగం స్త్రీలు గుంపులుగా చేస్తారు. చేతులకు, కళ్ళకు పని ఉంటుంది. చెవులు, నోరు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీని పూర్వం పాట, కబురు నింపేవి. తరువాత రేడియో, ఆపైన సెల్‌ఫోన్ పాటలు ఆ స్థానంలోకి వచ్చాయి.

పూర్వం పత్తిని దూది చేసే పనికీ తనదైన ధ్వని ఉండేది. దూదేకులవారు పెద్ద వింటినారిని మీటుతూ దూదిని ఏకేవారు. జిన్నింగు మిల్లులు వచ్చాక ఆ నారి మోత స్థానంలో యంత్రపు హోరు వచ్చింది. ఒంగోలు సమీపంలోని చీరాల చేనేతకు పేరుపొందిన పట్టణం (ఇది 2022లో బాపట్ల జిల్లాలో చేరింది). గుంట మగ్గంపై నాడె అటూ ఇటూ పోయే చప్పుడు, పేకపోగును దగ్గరకు కొట్టే చప్పుడు కలిసి ఒక తాళంగా వినిపిస్తాయి. నేతగానికి ఇది కేవలం నేపథ్యం కాదు. ఆ తాళంలో తేడా వస్తే మగ్గంలో ఏదో తేడా వచ్చిందని గ్రహిస్తాడు. పని నుండే పుట్టే ధ్వని పనికి సమాచారం కూడా అవుతుందనడానికి ఇది మంచి నిదర్శనం.

కోస్తా వెంబడి సాగిన బకింగ్‌హాం కాలువ పెదగంజాం వద్ద కొమ్మమూరు కాలువతో కలుస్తుంది. రైళ్ళు, లారీలు ప్రబలే వరకు ఈ కాలువపై సరుకు పడవలు విస్తారంగా నడిచేవి. పడవ రవాణా తగ్గిపోవడంతో దానిని అంటిపెట్టుకున్న పాటలకు కూడా పని లేకపోయింది. ధాన్యపు మిల్లులు వచ్చాక దంపుళ్ళ పాటలకు, విద్యుత్ మోటార్లు వచ్చాక కపిల పాటలకు జరిగినది కూడా ఇదే.

రేడియో

మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938లోను, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమయ్యాయి. 1957లో వివిధభారతి మొదలైంది. ట్రాన్సిస్టర్ రేడియోలు చౌకయ్యాక దర్జీ దుకాణాల్లో, మగ్గాల ఇళ్ళలో, క్షౌరశాలల్లో రేడియో రోజంతా మ్రోగడం తెలుగు పట్టణాలలో సర్వసాధారణమైంది. పని పాటల బాణీలు సినిమాల ద్వారా తిరిగి పనివారి చెవికి చేరడం ఇందులో ఒక విశేషం. బాపట్ల ప్రాంతానికి చెందిన కవి కొసరాజు రాఘవయ్య చౌదరి "రోజులు మారాయి" (1955) చిత్రానికి వ్రాసిన ఏరువాక పాట ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

వీధి బడి, అవధానం

పూర్వపు వీధి బడులలో పిల్లలు గుణింతాలను, ఎక్కాలను బిగ్గరగా, అందరూ ఒక్కసారిగా వల్లె వేసేవారు. చుట్టూ రొద ఉన్నా పాఠం అబ్బడానికి ఒక కారణం, ప్రతి పిల్లవాడూ తన గొంతుతో తాను పలకడం. పైకి చదివిన మాటలు మౌనంగా చదివినవాటి కన్న బాగా గుర్తుంటాయని ఆధునిక మనస్తత్వశాస్త్రం కూడా గుర్తించింది. అయితే ఈ పద్ధతి కంఠస్థం చేయడానికి పనికివస్తుంది గాని, కొత్త విషయాన్ని అర్థం చేసుకోవడానికి అంతగా తోడ్పడదు.

ధ్వనికి, ఏకాగ్రతకు ఉన్న సంబంధాన్ని పరీక్షగా మార్చిన తెలుగు ప్రక్రియ అవధానం. అష్టావధానంలో అవధాని ఒకవైపు పద్యాలు అల్లుతూ ఉండగా, మరొకవైపు ఘంటాగణనం జరుగుతుంది. అంటే మధ్యమధ్య మ్రోగే గంటలను లెక్కపెట్టి చివరకు చెప్పాలి. ఇంకొక పృచ్ఛకుడు అప్రస్తుత ప్రసంగం చేస్తూ, అవధాని ధ్యాసను మళ్ళించడానికే మాట్లాడతాడు. తిరుపతి వేంకట కవులు, నరసరావుపేట ప్రాంతపు కొప్పరం గ్రామానికి చెందిన కొప్పరపు సోదర కవులు ఈ కళకు విశేష ప్రచారం తెచ్చారు. అవధానానికి రూపమిచ్చినవారు రెండు రకాల ఆటంకాలను వేరుగా గుర్తించారనవచ్చు. గంటకు అర్థం లేదు, లెక్క మాత్రమే ఉంది. మాటకు అర్థం ఉంది, కనుక అది పద్యం అల్లే మనసులోకే చొరబడుతుంది.

కర్మాగారాల్లో ధ్వని

1865లో క్యూబా దేశపు హవానా నగరంలోని చుట్టల కర్మాగారాల్లో, పనివారు చుట్టలు చుడుతుండగా ఒకరు ఎత్తైన పీటపై కూర్చుని వార్తాపత్రికలు, నవలలు బిగ్గరగా చదివే ఆచారం మొదలైంది. చదువరికి జీతం పనివారే చందాలు వేసుకుని ఇచ్చేవారు. చేతిపనిలో ఆరితేరినవారికి మాట అడ్డం కాదని దీని వల్ల తెలుస్తుంది.

బ్రిటన్‌లో 1937లో వ్యాట్, లాంగ్డన్ ప్రభృతులు విసుగు పుట్టించే చేతిపనులపై చేసిన అధ్యయనంలో, సంగీతం వినిపించినప్పుడు ఉత్పత్తి కొంత పెరిగినట్లు తేలింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1940 జూన్ 23న, బి.బి.సి. కర్మాగారాల కోసం "పని చేస్తూ వినే సంగీతం" అనే భావంతో ఒక రేడియో కార్యక్రమాన్ని ప్రారంభించింది. యంత్రాల హోరులోనూ వినిపించేలా ధ్వని స్థాయి హెచ్చుతగ్గులు లేని పాటలను అందుకు ఎంచుకునేవారు. ఇది 1967 వరకు సాగింది. అమెరికాలో మ్యూజాక్ సంస్థ కార్యాలయాలకు, కర్మాగారాలకు ఇటువంటి సంగీతాన్ని తీగల ద్వారా అమ్మింది. పొలంలో పాటను కూలీలే ఎన్నుకుంటారు, హవానాలో పుస్తకాన్ని పనివారే ఎన్నుకునేవారు. ఈ కొత్త సంగీతాన్ని మాత్రం యజమానులు ఎన్నుకున్నారు. అందువల్ల దీనిపై విమర్శలు కూడా వచ్చాయి.

పరిశోధనలు

* అసంగత వాక్కు ప్రభావం: 1976లో కోల్, వెల్ష్, 1982లో సలామే, బాడ్లీ జరిపిన ప్రయోగాలలో, వరుసగా చూపిన అక్షరాలను లేదా అంకెలను గుర్తుంచుకునే పనిని పక్కన వినిపించే మాటలు చెడగొట్టాయి. ఆ మాటలు తెలియని భాషలో ఉన్నా ఫలితం అదే. ఎడతెగని రొద మాత్రం అంతగా చెడగొట్టలేదు.
* మొజార్ట్ ప్రభావం: 1993లో మొజార్ట్ సంగీతం విన్న విద్యార్థులు ఒక రకమైన ఆకృతుల పరీక్షలో కొద్దిసేపు మెరుగ్గా చేశారని ప్రకటించారు. సంగీతం తెలివిని పెంచుతుందని దీనిని ప్రచారం చేశారు. 2001లో థామ్సన్, షెలెన్‌బర్గ్, హుసేన్ జరిపిన పరిశోధనలో, ఆ మేలు ఉల్లాసం, చురుకుదనం వల్ల కలిగినదే గాని ఆ సంగీతం ప్రత్యేకత కాదని తేలింది.
* మధ్యస్థ ధ్వని: 2012లో రవి మెహతా, రుయి జు, అమర్ చీమా ప్రకటించిన అధ్యయనంలో, కొత్త ఆలోచనలు అవసరమైన పనులను 50 డెసిబెళ్ళలో కన్న 70 డెసిబెళ్ళలో బాగా చేశారు. 85 డెసిబెళ్ళకు చేరేసరికి ఆ మేలు పోయింది. కాఫీ హోటలు సందడిని ముద్రించి వినిపించే అనువర్తనాలకు ఈ అధ్యయనం ఊతమిచ్చింది.
* అవధాన లోపం గలవారు: 2007లో సోడర్‌లండ్, సిక్‌స్ట్రోమ్, స్మార్ట్ అనే పరిశోధకులు, ఏకాగ్రత లోపం (ఎ.డి.హెచ్.డి.) గల పిల్లలకు తెల్లని రొద తోడ్పడినట్లు ప్రకటించారు. 2024లో 13 అధ్యయనాలను, 335 మంది ఫలితాలను కలిపి పరిశీలించినప్పుడు, ఆ లోపం గలవారికి తెల్లని, గులాబి రొదల వల్ల చిన్న మేలు, ఆ లోపం లేనివారికి చిన్న కీడు కనిపించాయి. గోధుమ రొదపై లెక్కకు తీసుకోదగిన అధ్యయనాలు ఆ పరిశీలనలో దొరకలేదు.

వీటన్నిటి సారాంశం ఒకటే. అందరికీ, అన్ని పనులకూ పనికివచ్చే ధ్వని అంటూ లేదు. పని స్వభావం, మనిషి స్వభావం, ధ్వని స్వభావం మూడూ కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

హాని

కోరుకోని ధ్వని పిల్లల చదువును ఎంతగా దెబ్బతీస్తుందో 1975లో ఆర్లిన్ బ్రాంజాఫ్ట్, డెనిస్ మెకార్తీ ప్రకటించిన అధ్యయనం తెలియజేసింది. న్యూయార్క్ నగరంలో ఎత్తైన రైలుమార్గం పక్కనున్న ఒక పాఠశాలలో, పట్టాల వైపు గదుల్లో చదివిన పిల్లలు, అవతలి వైపు గదుల పిల్లల కన్న చదవడంలో వెనుకబడ్డారు. తరువాత పట్టాలకు రబ్బరు మెత్తలు, గదులకు ధ్వని నిరోధకాలు అమర్చగా, 1981 నాటికి ఆ వ్యత్యాసం కనిపించలేదు. జర్మనీలోని మ్యూనిక్ పాత విమానాశ్రయాన్ని 1992లో మూసివేసినప్పుడు, దాని సమీపంలోని పిల్లల జ్ఞాపకశక్తి, చదివే శక్తి మెరుగుపడ్డాయి. కొత్త విమానాశ్రయం దగ్గరి పిల్లలలో అవి తగ్గాయి. రొదకు అలవాటు పడ్డామని పిల్లలు, పెద్దలు అనుకున్నంత మాత్రాన నష్టం తప్పదని ఈ అధ్యయనాలు హెచ్చరిస్తున్నాయి. జాతీయ రహదారి, విజయవాడ–గూడూరు రైలుమార్గం రెండూ సాగే ఒంగోలు వంటి పట్టణాలకు ఈ విషయం దూరమైనది కాదు.

ఎక్కువ తీవ్రత గల ధ్వని వినికిడిని కూడా పోగొడుతుంది. మరమగ్గాల షెడ్లలో, చీమకుర్తి పరిసరాలలో జరిగే గ్రానైటు కోత వంటి పనులలో చెవి రక్షణ సాధనాలు తప్పనిసరి. అక్కడి హోరును మించి వినిపించేలా ఇయర్‌ఫోన్లలో పాటలు పెంచుకోవడం నష్టాన్ని రెట్టింపు చేస్తుంది. పెద్దలు 80 డెసిబెళ్ళ ధ్వనిని వారానికి 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

చట్టం

భారత ప్రభుత్వపు శబ్ద కాలుష్య (నియంత్రణ, అదుపు) నిబంధనలు 2000 సంవత్సరంలో అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ గల నిశ్శబ్ద మండలాల్లో పగలు 50, రాత్రి 40 డెసిబెళ్ళు హద్దులు. నిశ్శబ్ద మండలం 100 మీటర్ల వరకు ఉంటుంది. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాల్లో ధ్వనివర్ధకాలు వాడరాదు. పండుగలు, సాంస్కృతిక కార్యక్రమాల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు. 2005 జులై 18న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, కోరుకోని రొద నుండి విముక్తిని రాజ్యాంగం 21వ అధికరణం కల్పించిన జీవించే హక్కులో భాగంగా పరిగణించింది. వార్షిక పరీక్షలు, తిరునాళ్ళు, పెళ్ళిళ్ళు ఒకే వేసవి ముందు కాలంలో వచ్చే తెలుగు జిల్లాలలో విద్యార్థులకు ఈ నిబంధనలు ఎంతో అవసరమైనవి.

విద్యార్థులు గమనించవలసిన అంశాలు

* కొత్త పాఠం అర్థం చేసుకునేటప్పుడు, వ్యాసం వ్రాసేటప్పుడు, సూత్రాలు వల్లె వేసేటప్పుడు మాటలున్న పాటలు, వార్తలు, సంభాషణలు దగ్గర ఉండరాదు. తెలిసిన భాషలోని పాట మరింత లాగుతుంది.
* పటాలు గీయడం, రికార్డు పుస్తకం శుభ్రప్రతి వ్రాయడం, అట్టలు వేయడం వంటి అలవాటైన పనులకు ఇష్టమైన పాటలు తోడుగా ఉండవచ్చు.
* ఇంట్లో మాటలు, టీవీ చప్పుడు తప్పనప్పుడు ఫ్యాను హోరు వంటి ఒకే తీరు రొద వాటిని కొంత మరుగుపరుస్తుంది. దానిని మాటలు స్పష్టంగా వినబడనంత స్థాయిలోనే ఉంచాలి, అంతకు మించి పెంచరాదు.
* పరీక్ష గదిలో పాట ఉండదు, నిశ్శబ్దం ఉంటుంది. కాబట్టి రోజులో కొంతసేపైనా ఏ తోడూ లేకుండా చదవడం అలవాటు చేసుకోవాలి.
* ధ్వని తోడు నిజంగా పనికివస్తున్నదో లేదో తెలుసుకోవడం సులభం. ఒకే రకమైన లెక్కలను ఒక రోజు ధ్వనితో, ఒక రోజు ధ్వని లేకుండా చేసి, పట్టిన సమయాన్ని, దొర్లిన తప్పులను పోల్చి చూసుకోవచ్చు. బాగా చేశామనే భావన ఒక్కటే ఇందుకు ప్రమాణం కాదు.

ఇవి కూడా చూడండి

* శ్రామిక గేయాలు
* అవధానం
* శబ్ద కాలుష్యం
* ఒంగోలు